పిరమిడ్లలో లుప్తవిజ్ఞానము: వాదములు, విమర్శ

ఈజిప్టు దేశమందలి ప్రాచీన నిర్మాణములను గూర్చి రెండు తెగల గ్రంథములు వెలువడుచున్నవి. త్రవ్వకములు జరిపి, కొలతలు తీసి, శాసనములు చదివి వ్రాయబడినవి మొదటి తెగవి. ఆ నిర్మాణములయందు నేటి మానవుడు కోల్పోయిన మహావిజ్ఞానమొకటి నిక్షిప్తమై యున్నదనియు, వానిని కట్టినవారు ఈజిప్టు ప్రజలు కాక మునిగిపోయిన ద్వీపవాసులో, ఆకాశమునుండి దిగివచ్చినవారో యనియు ప్రతిపాదించునవి రెండవ తెగవి. మొదటి తెగ గ్రంథములను చదువువారు కొలదిమంది. రెండవ తెగవానిని చదువువారు పెక్కుమంది. విద్యార్థుల చేతులలోనికి ముందుగా వచ్చునవియు ఇవియే. కావున వీనిని నవ్వి త్రోసిపుచ్చుటకంటె పరిశీలించి తీర్పు చెప్పుట మేలు. అట్టి పరిశీలనమునకు మూడు ప్రశ్నలు చాలును. ఈ వాదులు చూపు కొలతలు సరియైనవేనా? సరియైనచో వానినుండి వారు తీయు సిద్ధాంతము నిలుచునా? ఆ సిద్ధాంతమును అంగీకరించినచో ఎవరికి చెందవలసిన కీర్తి ఎవరికి పోవును?

ఈ వాదముల పుట్టినిల్లు ఈజిప్టు కాదు, లండను నగరము. 1859లో జాన్ టేలర్ అను పుస్తక ప్రకాశకుడు, మహాపిరమిడును ఎందులకు కట్టిరి, ఎవరు కట్టిరి అను ప్రశ్నలనే పేరుగా పెట్టి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన ఈజిప్టునకు ఎన్నడును పోయినవాడు కాడు. అన్యులు తీసిన కొలతలను ముందుంచుకొని లెక్కలు కట్టెను. పిరమిడు చుట్టుకొలతను దాని ఎత్తునకు రెండింతలతో భాగించినచో, వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి వచ్చుచున్నదని చూచెను. అంతటి జ్ఞానము దైవప్రేరణ లేనిదే సాధ్యము కాదని తేల్చెను. స్కాట్లండు ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడైన చార్లెస్ పియాజ్జీ స్మిత్ ఈ వాదమును చేపట్టి 1864లో ఒక గ్రంథమును వ్రాసి, 1865లో స్వయముగా గీజాకు పోయి కొలతలు తీసెను.

స్మిత్ పండితుడు, పరిశ్రమించువాడు. మెగ్నీషియము వెలుగున పిరమిడు లోపలి భాగములను మొదట ఛాయాచిత్రములు తీసిన ఘనత ఆయనదే. కాని ఆయన సిద్ధాంతము కొలతలకు ముందే సిద్ధమై యుండెను. బ్రిటిషు అంగుళముకంటె వేయింట ఒక వంతు మాత్రము పెద్దదగు 'పిరమిడు అంగుళము' ఒకటి కలదని ఆయన చెప్పెను. అట్టి అంగుళములలో పిరమిడు పీఠపు చుట్టుకొలత 36,524 అనియు, దానిని నూటితో భాగించిన సంవత్సరమందలి దినముల సంఖ్యయగు 365.24 వచ్చుననియు వాదించెను. లోపలి నడవల పొడవున ఒక్కొక్క అంగుళము ఒక్కొక్క సంవత్సరమనియు, భూతభవిష్యత్తులు అందు లిఖింపబడియున్నవనియు పలికెను. ఆనాడు ఇంగ్లండులో ఫ్రెంచివారి మీటరును స్వీకరింపవలెనా, మానవలెనా అను చర్చ తీవ్రముగా నడుచుచుండెను. బ్రిటిషు అంగుళము దైవదత్తమని పిరమిడుచేతనే చెప్పించుటలోని స్వారస్యము దీనివలన బోధపడును. ఎక్కడి రాతికట్టడమో ఎక్కడి వివాదమునకో సాక్షిగా నిలువబెట్టబడినది.

ఈ వాదమును కూల్చినవాడు విరోధి కాడు. విలియం పెట్రీ అను ఇంజనీరు స్మిత్ సిద్ధాంతమునకు అభిమాని; ఆయన కుమారుడు ఫ్లిండర్స్ పెట్రీ ఆ గ్రంథమును చదివి ఉత్సాహము పొందినవాడే. అతడు 1880 డిసెంబరులో గీజా చేరి, ఒక పాత సమాధిగుహలో కాపురముండి, త్రిభుజీకరణ పద్ధతిని సూక్ష్మముగా కొలతలు తీసెను. 1883లో ప్రకటించిన గ్రంథమున నాలుగు భుజముల సగటు 9,068.8 అంగుళములు, అనగా సుమారు 230.35 మీటర్లు, అని నిర్ణయించెను. స్మిత్ సిద్ధాంతమునకు కావలసినది 9,140 అంగుళములు. ఒక్కొక్క భుజమున ఇంచుమించు ఆరడుగులు తక్కువైనది. పెట్రీ కొలతను స్మిత్ అంగుళములలోనికి మార్చి నూటితో భాగించినచో 362.39 వచ్చును, సంవత్సరమున దాదాపు మూడు దినములు లోపించును. ఇంతయు జరిగినను వాదము చావలేదు. పిరమిడు లోపలి గదిలో గ్రానైటు రాతిపై నున్న బుడిపెను తన సిద్ధాంతమునకు సరిపడునట్లు ఆకురాతితో అరగదీయబోయిన ఒక భక్తుని గూర్చి పెట్రీయే వ్రాసియుంచెను. కొలతనుబట్టి సిద్ధాంతమును దిద్దుకొనుట శాస్త్రము. సిద్ధాంతమునుబట్టి రాతిని దిద్దబోవుట ఈ తెగ గ్రంథముల కన్నిటికిని సామాన్యమైన గుణము.

అయినను టేలర్ చూచిన నిష్పత్తి అబద్ధము కాదు. పిరమిడు భుజము 440 రాజమూరలు. మొదటి ఎత్తు 280 మూరలు. చుట్టుకొలత 1,760, ఎత్తునకు రెండింతలు 560, భాగించిన 22/7 వచ్చును. ఇది ఎట్లు వచ్చినదో ఈజిప్టు లేఖకులే చెప్పియున్నారు. వారి రాజమూరకు ఏడు బెత్తలు, బెత్తకు నాలుగు వ్రేళ్లు. గోడ వాలును వారు కోణములలో కొలువలేదు. ఒక మూర ఎత్తు లేచునప్పటికి ఎన్ని బెత్తలు లోపలికి జరుగవలెనో చెప్పుకొనిరి. ఆ లెక్కకు 'సెకెద్' అని పేరు. క్రీ. పూ. 1550 ప్రాంతమున వ్రాయబడి నేడు బ్రిటిషు మ్యూజియమునందున్న రైండు గణితపత్రమున ఇట్టి లెక్కలు పెక్కు కలవు. మహాపిరమిడు సెకెద్ అయిదున్నర బెత్తలు. ఏడు బెత్తల ఎత్తునకు అయిదున్నర బెత్తలు లోనికి జరిగినచో, 280 మూరల ఎత్తునకు 220 మూరలు జరుగును. అదియే భుజములో సగము. 22/7 అను సంఖ్య ఈ వాలునుండి తనంతట వచ్చిపడినది. తూనికగుండు, మూరకొల చేతనున్న తాపీవానికి ఈ వాలును నిలుపుటకు వృత్తముతో పనిలేదు. ఖూఫూకు పూర్వము మైదూములో కట్టబడిన పిరమిడునకును ఇంచుమించు ఇదే వాలు కలదు.

అదే గణితపత్రమున వృత్తవైశాల్యమునకు వ్యాసములో తొమ్మిదింట ఎనిమిది వంతులు తీసి వర్గము చేయుమని విధింపబడినది. దానివలన వచ్చు నిష్పత్తి సుమారు 3.16, ఇది 22/7 కంటె స్థూలమైనది. పూర్వులకు మేలైన సంఖ్య తెలిసియుండి తరువాత లుప్తమైనదని వాదులు ప్రత్యుత్తరమీయవచ్చును. లుప్తమైనదనుటకు ముందు, ఉండెననుటకు వేరొక ఆధారము చూపవలెను. ఆధారము లేకుండుటయే లోపమునకు ఆధారమనుట తర్కమునకు నిలువదు.

ఇరువదవ శతాబ్దమున ఈ వాదములు కొత్త వేషము ధరించినవి. దైవము స్థానమున గ్రహాంతరవాసులు వచ్చిరి. 1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ ప్రకటించిన గ్రంథము అనేక భాషలలోనికి పరివర్తితమై లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినది. పిరమిడు ఎత్తును నూరుకోట్లతో గుణించినచో సూర్యునికి గల దూరము వచ్చుననుట ఆయన మరల ఎత్తుకొనిన పాత మాటలలో ఒకటి. 146.6 మీటర్లను నూరుకోట్లతో గుణించిన 14.66 కోట్ల కిలోమీటర్లు వచ్చును. భూమికి సూర్యునికి నడుమ సగటు దూరము 14.96 కోట్ల కిలోమీటర్లు. తేడా ముప్పది లక్షల కిలోమీటర్లు, అనగా చంద్రునికి గల దూరమునకు దాదాపు ఎనిమిది రెట్లు. భూమి సూర్యునికి అత్యంత సమీపమున నుండు జనవరి మాసమునందు సైతము దూరము 14.71 కోట్లకు తగ్గదు. ఇక నూరుకోట్లతోనే ఏల గుణింపవలెను? పదికోట్లతో సరిపోకున్న నూరుకోట్లు, నూరుకోట్లతో సరిపోకున్న మరియొక సంఖ్య. గుణకము ఇచ్చవచ్చినది, కొలత ఇచ్చవచ్చినది అయినప్పుడు, ఏ ఊరి దేవాలయ ధ్వజస్తంభమునుండియైనను ఏదో ఒక గ్రహదూరమును రాబట్టవచ్చును.

డానికెన్ శైలిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆయన వాక్యములలో పెక్కు ప్రశ్నార్థకములు. ఇది కేవలము కాకతాళీయమా అని అడుగును, జవాబు చెప్పడు. ప్రశ్నకు రుజువు అక్కరలేదు గనుక గ్రంథకర్తకు బాధ్యత లేదు; చదువరి మనసులో మాత్రము ప్రశ్నయే సిద్ధాంతమై నిలుచును. విమర్శకులు గుర్తింపవలసిన మొదటి దోషమిది.

ఇంతకంటె గౌరవముగా చూడదగిన వాదము 1994లో రాబర్ట్ బోవాల్, ఏడ్రియన్ గిల్బర్ట్ అనువారు ప్రతిపాదించిన మృగవ్యాధ వాదము. గీజాలోని మూడు పిరమిడ్లు ఓరియన్ నక్షత్రమండలపు నడికట్టులోని మూడు చుక్కలకు ప్రతిబింబములని వారనిరి. ఆ పొందిక క్రీ. పూ. 10500 ప్రాంతపు ఆకాశమునకే సరిగా కుదురునని కూడ చెప్పబడినది. ఇందులో సత్యాంశము కలదు. పిరమిడ్ల గోడలపై చెక్కబడిన మంత్రములలో మృతుడైన రాజునకును ఈ మండలమునకును సంబంధము చెప్పబడినది. మహాపిరమిడు రాజగదినుండి దక్షిణముగా పోవు సన్నని నాళము ఆ నడికట్టు వైపునకు చూచుచున్నదని 1964లోనే ట్రింబుల్, బదావీ అను పండితులు సూచించిరి. పిరమిడు భుజములు నాలుగు దిక్కులకు ఒక డిగ్రీలో పదియేనవ వంతునకు మించని సగటు తేడాతో నిలిచియున్నవి. నక్షత్రములను చూడనేర్చినవారే ఇట్లు నిలుపగలరు. కాని బోవాల్ చూపిన పొందిక కుదురవలెనన్న పటమును తలక్రిందులు చేయవలెను. ఆకాశమున మూడింటిలో మసకయైన చుక్క ఉత్తరపు కొనను ఉండగా, నేలపై చిన్నదగు మెన్కౌరే పిరమిడు దక్షిణపు కొనను ఉన్నది. అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్విన్ క్రప్ ఈ దోషమును ఎత్తిచూపెను. పైగా ఈ మూడింటిని కట్టించినవారు ముగ్గురు రాజులు. ఖూఫూ తరువాత రాజైన అతని కుమారుడు జెదెఫ్రే తన పిరమిడును గీజాలో కాక ఎనిమిది కిలోమీటర్ల ఉత్తరమున అబూ రవాష్‌లో కట్టించుకొనెను. ముందే గీచియుంచిన ఆకాశపటము ఒకటి ఉండినచో ఈ ఎడము ఏల వచ్చినదో ఆ గ్రంథము సంతృప్తికరముగ చెప్పలేదు.

సింహదేహము, మానవశిరస్సు గల స్ఫింక్సు విగ్రహమును గూర్చి 1991లో రాబర్ట్ షోక్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు చేసిన వాదము కొలతల గారడి కాదు. శాస్త్రసభయందు శాస్త్రభాషలో చేయబడినది. విగ్రహము చుట్టునున్న గోడలపై కోత భారీవర్షములవలన కలిగినదనియు, అందుచే దాని వయస్సు ఖఫ్రే కాలముకంటె వేలయేండ్లు పూర్వమనియు ఆయన పక్షము. దీనికి బదులుగా ఇతర భూగర్భశాస్త్రజ్ఞులు, అచ్చటి సున్నపురాతిలోని లవణములు రాత్రి తేమకు కరిగి పగటి ఎండకు గడ్డకట్టుచు రాతిని పొరలుపొరలుగా రాల్చుచున్నవని చూపిరి. విగ్రహము చుట్టు గోతినుండి తీసిన రాళ్లే దానికి ఎదుటనున్న ఆలయమున వాడబడినవి. అన్నిటికంటె ముఖ్యము, ఆ ప్రాచీనకాలపు శిల్పుల కుండపెంకు గాని, పొయ్యి గాని, పనిముట్టు గాని గీజాలో దొరుకలేదు. టర్కీ దేశమందలి గోబెక్లి తెపే నిర్మాణములు పదునొకండు వేలయేండ్లకు పైబడినవి. అచ్చట కట్టినవారి చెకుముకిరాతి పనిముట్లు, వారు తినిన జంతువుల ఎముకలు కుప్పలుగా దొరికినవి. మనుష్యులు పనిచేసినచోట మనుష్యుల జాడ ఉండితీరును.

దెందెరాలోని హాథోర్ దేవి ఆలయపు నేలమాళిగలలో తామరపూవునుండి వెలువడిన సర్పము పెద్ద బుడగవంటి ఆకారమున చెక్కబడియున్నది. ఇది విద్యుద్దీపమని ఒక వాదము. ప్రక్కనే చెక్కబడిన వ్రాత ఆ సర్పము హర్సొమ్తుస్ అను దేవుని రూపమని చెప్పుచున్నది. వ్రాత చదువక బొమ్మను మాత్రమే చూచినచో బొమ్మ చూపరి ఇష్టము వచ్చినట్లు పలుకును. ప్రాచీన గుహలలో మసి లేదు గాన విద్యుత్తు ఉండెనని మరియొక ఊహ. దెయిర్ ఎల్ మెదీనా పనివారికి సమాధుల త్రవ్వకమునకై లెక్కించి ఇచ్చిన వత్తుల జాబితాలు లభించినవి. దెందెరా ఆలయపు పైకప్పునుండి ఇటీవల మసి తుడిచిన పిదపనే నీలివర్ణపు చిత్రములు వెలికివచ్చినవి. ఈ ఆలయ నిర్మాణము క్రీ. పూ. 54లో మొదలైనది. ఖూఫూకును దెందెరా శిల్పులకును నడుమ గడచిన కాలము, ఆ శిల్పులకును నేటివారికిని నడుమ గడచిన కాలముకంటె హెచ్చు. లుప్తవిజ్ఞాన గ్రంథములు ఈ రెంటిని ఒకే 'ప్రాచీనకాలము'న కట్టిపెట్టును. అబీదోసులోని మొదటి సేతి ఆలయపు దూలముపై కనబడు 'హెలికాప్టరు' సంగతియు ఇట్టిదే. సేతి బిరుదములను గచ్చుతో పూడ్చి, వానిపై అతని కుమారుడు రెండవ రామ్సేసు తన బిరుదములను చెక్కించెను. గచ్చు రాలగా రెండు వ్రాతలు కలిసి ఒక వింత ఆకారము ఏర్పడినది. తాటాకు గ్రంథములలో దిద్దుబాటుపై దిద్దుబాటు చూచి పరిష్కరించిన తెలుగు పండితులకు ఇది కొత్త సంగతి కాదు.

ఇంక మూడవ ప్రశ్న. ఎవరు కట్టిరి? ఈ ప్రశ్నకు జవాబు దేవతలయొద్ద వెదకనక్కరలేదు. 2013లో ఎర్రసముద్ర తీరమున వాదీ అల్ జర్ఫ్ అనుచోట పియెర్ టలే నాయకత్వమున జరిగిన త్రవ్వకములందు పాపిరసు పత్రములు దొరికినవి. అవి ఖూఫూ పాలనపు చివరి సంవత్సరములనాటివి. అందు మెరెర్ అను ఒక పనుల తనిఖీదారు దినచర్య కలదు. తూరా గనులనుండి తెల్లని సున్నపురాతిని పడవలకెత్తి, నైలునది మీదుగా గీజాకు చేర్చి, మరల తూరాకు పోయిన రాకపోకలు దినదినము వ్రాయబడియున్నవి. పై అధికారిగా ఖూఫూ సోదరుడు అంఖ్‌హాఫ్ పేరు కనబడుచున్నది. ప్రపంచమున నేటివరకు దొరికిన వ్రాతతో కూడిన పాపిరసులలో ఇవియే మిక్కిలి ప్రాచీనములు. అందున్నది మంత్రరహస్యము కాదు, రాతిరవాణా లెక్క.

గీజా పీఠభూమికి దక్షిణమున మార్క్ లేనర్ 1988 నుండి త్రవ్వించిన పనివారి ఊరిలో రొట్టెలు కాల్చిన పొయ్యిలు, పశువుల ఎముకల రాసులు బయటపడినవి. 1990లో కనుగొనబడిన పనివారి శ్మశానమున విరిగి మరల అతుకుకొనిన ఎముకలు గల అస్థిపంజరములు కలవు. దెబ్బ తగిలినవానికి కట్టుకట్టి, నయమగువరకు తిండిపెట్టినవారు ఉండిరన్నమాట. పిరమిడు లోపలి రాళ్లపై 'ఖూఫూ మిత్రులు' మొదలైన కూలిజట్ల పేర్లు ఎర్రరంగుతో వ్రాయబడియున్నవి. జెహుతిహొతెప్ అను అధికారి సమాధిగోడపై, 172 మంది మనుష్యులు ఒక మహావిగ్రహమును బల్లకట్టుపై లాగుచుండగా, ముందు నిలిచిన ఒకడు ఇసుకపై నీరు పోయుచున్న చిత్రము కలదు. తగినంత తడిసిన ఇసుకపై లాగుటకు సగము బలమే చాలునని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమువారు ప్రయోగముచేసి చూపిరి. ఖూఫూ కాలమునాటి నిటారు వాలుబాట, దాని ఇరువైపుల మెట్లు, గుంజల గుంటలు 2018లో హత్నూబ్ గనిలో బయల్పడినవి. ఆస్వానులో సుమారు 42 మీటర్ల ఏకశిలాస్తంభము చెక్కుచుండగా బీటవారినందున అచ్చటనే విడిచిపెట్టబడియున్నది. దాని చుట్టు దొరికిన గట్టి రాతిగుండ్లే దానిని మలచిన పనిముట్లు. మహావిజ్ఞానమే ఉండినచో బీట ముందే తెలిసియుండెడిది. బీటవారిన ఆ స్తంభము మనుష్యుని చేతిపనికి చేవ్రాలు.

ఈ సాక్ష్యములను తెలుగువారు తేలికగా గ్రహింపగలరు. కన్నడదేశమున వడ్డరులనియు, తమిళదేశమున ఒట్టరులనియు, మహారాష్ట్రమున వడారులనియు పిలువబడుచు, తరతరములుగా ఇంట తెలుగు మాటాడుచు వచ్చిన వడ్డెరల కులవృత్తి రాయి కొట్టుట, చెరువులు బావులు త్రవ్వుట. రాతి పొరను కంటితో గుర్తించి, వరుసగా గుంటలు తొలిచి, ఉక్కుమేకులు దిగగొట్టి, కొండవంటి బండను గీతగీచినట్లు చీల్చు నేర్పు వారిది. ఆ నేర్పు బడిలో నేర్చినది కాదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. చెరువులు త్రవ్వించినవారి పేర్లు శాసనములకెక్కినట్లు త్రవ్వినవారి పేర్లు ఎక్కలేదు. రేపు ఒకడు వచ్చి ఆ చెరువులను, కోటగోడలను మానవమాత్రులు కట్టజాలరని వ్రాసినచో, పేరు లేని ఆ చేతులకు మిగిలియున్న కీర్తి కూడ పోవును. పిరమిడ్ల విషయమున ఈ గ్రంథములు చేయుచున్నది సరిగా ఇదియే. ఆఫ్రికాలోని మహాజింబాబ్వే కోటను ఆఫ్రికావారు కట్టలేదని వలసప్రభువులు చిరకాలము వాదించిరి; 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ త్రవ్వి చూచి, అది అచ్చటివారి నిర్మాణమేయని తేల్చిరి. ఒక జాతి పనిని కాదనుట ఆ జాతిని కాదనుటకు తొలిమెట్టు.

స్వదేశాభిమానము పేర ఇట్టి వాదములే భారతదేశమునను వినబడుచున్నవి. ప్రాచీనఋషి ప్రణీతమని ప్రచారము పొందిన వైమానిక శాస్త్రమును 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు శాస్త్రజ్ఞులు పరిశీలించి, అది ఇరువదవ శతాబ్దపు రచనయే యనియు, అందు వర్ణింపబడిన విమానములు ఎగురజాలవనియు నిర్ణయించిరి. ఆర్యభటుని గణితము, కాకతీయుల చెరువులు, అమరావతి శిల్పము నిజముగా ఉన్నవి. వానికి గౌరవము చాలును. లేనిదానిని ఉన్నదనుటవలన ఉన్నదానియందు కూడ నమ్మకము సడలును.

పిరమిడ్లను గూర్చి సర్వమును తెలిసినదని ఏ పండితుడును చెప్పుట లేదు. మహాపిరమిడు పైభాగమునకు రాళ్లను ఏ రూపపు వాలుబాటపై ఎక్కించిరో ఇంకను చర్చనీయాంశమే. 2017లో మ్యూవాన్ కణముల సాయమున కనీసము ముప్పది మీటర్ల పొడవుగల ఖాళీస్థలమొకటి లోపల ఉన్నట్లు కనుగొనబడినది. 2023లో ఉత్తరముఖమున తొమ్మిది మీటర్ల నడవ ఒకటి నిర్ధారింపబడినది. ఆ ఖాళీల ప్రయోజనము ఇంకను తేలవలసియున్నది. తెలియనిచోట తెలియదని వ్రాసి, కొలబద్ద పుచ్చుకొని మరల పోవువారివలననే ఈ పాటి తెలిసినది. పెట్రీ అట్టివాడు, తాను ప్రేమించిన సిద్ధాంతమును తన కొలతకే బలియిచ్చెను. విద్యార్థికి పిరమిడు పాఠమున నేర్పదగినది ఆ నడవడి. దానితోపాటు మెరెర్ పేరును కూడ నేర్పవలెను. రాజుల పేర్లు ఎట్లును పుస్తకములలో నున్నవి. రాళ్లు మోయించినవాని పేరు నాలుగువేల అయిదువందల ఏండ్లకు దొరికినది.